గొంతు క్యాన్సర్‌కు ‘కరెంటు’ పెట్టించుకునే ముందు: చేయవలసినవి - చేయకూడనివి

లంక పొగాకు పండే నేల మనది. పొగాకు పరిశోధన సంస్థ కూడా 1947లో మన రాజమండ్రిలోనే వెలిసింది. గొంతు క్యాన్సర్‌కు పొగాకే ప్రధాన కారణం. మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే రేడియేషన్‌కు కణితి ఏ మేరకు లొంగుతుందో అంచనా వేయడానికి ట్యూమర్ మార్కర్లు, అంటే కణితి తీరును తెలిపే గుర్తులు, కొన్ని ఉన్నాయి. వాటిని ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ ఆగాలో ఈ కింద చదవండి.

చేయవలసినవి

• గొంతు బొంగురు మూడు వారాలు దాటితే, మెడలో గడ్డ తగిలితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

• క్యాన్సర్ గొంతులో ఏ భాగంలో ఉందో అడిగి రాయించుకోండి. మార్కరు విలువ దాన్నిబట్టే ఉంటుంది.

• టాన్సిల్‌లో గానీ నాలుక మొదట్లో గానీ ఉంటే పీ16 పరీక్ష చేశారో లేదో అడగండి. హెచ్‌పీవీ వైరస్ ఆనవాలును అది చూపుతుంది.

• పీ16 రిపోర్టులో శాతం చూడండి. 70 శాతం, ఆపైన కణాలకు రంగు బాగా పడితేనే పాజిటివ్.

• ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టుతో పాటు ఆ ముక్కను పొదిగిన మైనపు బ్లాకును కూడా అడిగి తెచ్చుకోండి. మళ్లీ ముక్క తీసే బాధ తప్పవచ్చు.

• చిన్న ప్లాస్టిక్ బిళ్లకు అంటి ఉండే ఆ బ్లాకును ఎండ తగలకుండా దాచండి. వేడికి మైనం కరుగుతుంది.

• ముక్కు వెనుక భాగంలో క్యాన్సరైతే ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) డీఎన్‌ఏ రక్తపరీక్ష అవసరమా అని అడగండి.

• ఎన్నేళ్లు చుట్ట తాగారో, ఖైనీ వేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. పీ16 పాజిటివ్ అయితే కణితి కరెంటుకు బాగా లొంగుతుంది, కానీ పొగాకు ఆ మేలును తగ్గిస్తుంది.

• కరెంటు మొదలుపెట్టకముందే పళ్లు చూపించుకోండి. తర్వాత పీకిస్తే దవడ ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది.

• హిమోగ్లోబిన్ ఎంతుందో తెలుసుకోండి; రక్తహీనత ఉంటే ఫలితం తగ్గవచ్చు.

• వారం వారం బరువు చూసుకోండి. చిక్కిపోతే ముఖానికి బిగించే మాస్కు వదులై గురి తప్పుతుంది.

• లంక గ్రామాల వారు వరదల కాలంలో ఆసుపత్రికి దగ్గర్లో బస ఏర్పాటు చేసుకోండి. గోదావరి పొంగితే పడవ దాటడం కుదరదు.

• ప్రభుత్వ డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్య సేవ పథకం కింద చికిత్స వస్తుందేమో ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందిని అడగండి.

చేయకూడనివి

• సీఈఏ, ఎస్‌సీసీ వంటి రక్తపరీక్షల అంకె ఒక్కటే చూసి చికిత్స నిర్ణయించుకోకండి. పొగ తాగేవారిలో సీఈఏ క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది.

• స్వరపేటిక క్యాన్సర్‌లో పీ16 నెగటివ్ అని బెంగపడకండి. అక్కడ ఆ పరీక్షకు అంత విలువ లేదు.

• పీ16 పాజిటివ్ వచ్చిందని డోసు తగ్గించమని అడగకండి. తేలిక చికిత్సకు మార్చి చూసిన పెద్ద పరిశోధనల్లో ఫలితం తగ్గింది.

• పీ53, ఈజీఎఫ్ఆర్, కేఐ-67 పరీక్షల కోసం అప్పులు చేయకండి. వాటిని చూసి రేడియేషన్ డోసు మార్చే పద్ధతి ఇంకా రాలేదు.

• సంక్రాంతికో పెళ్లికో విడతలు మానకండి. సాధారణంగా వారానికి ఐదు చొప్పున ఏడు వారాల్లో 35 విడతలు పడాలి, నడుమ ఖాళీ వస్తే కణితి మళ్లీ పుంజుకుంటుంది.

• చికిత్స జరిగే రోజుల్లో చుట్ట, బీడీ ముట్టకండి. పొగ వల్ల ఆక్సిజన్ సరిగా అందని కణితి కరెంటుకు అంతగా లొంగదు.

• మెడ మీద పసుపు, నూనె, ఆకు పసరు రాయకండి, చర్మం రేగవచ్చు.

• నోరు పూసిన రోజుల్లో ఆవకాయ, వేడి వేడి కారం కూరలు తినకండి. చల్లారిన రాగి జావ, పెరుగన్నం తీసుకోండి.

• మింగలేకపోతున్నారని చికిత్స ఆపకండి; ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే వీలుంది.

• చికిత్స ముగిసిన నెలకే పెట్-సీటీ తీయించకండి. వాపు కూడా క్యాన్సర్‌లా కనిపిస్తుంది, సుమారు 12 వారాలు ఆగండి.

• గొంతు బాగుపడిందని తనిఖీలు మానకండి. తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే.

మార్కరు చెప్పేది అంచనా మాత్రమే, తీర్పు కాదు. రిపోర్టులన్నీ ఒకే సంచిలో వేసుకుని, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. మొదలుపెట్టిన చికిత్సను ఒక్క విడత కూడా వదలకుండా పూర్తి చేయండి.