ముఖము సాక్ష్యము చెప్పునా?

గుమ్మడికాయల దొంగ యెవడనగా భుజములు తడవి చూచుకొన్నాడను సామెత వినని వారు మనలో నుండరు. బూడిద గుమ్మడికాయపై తెల్లని పొడి యుండును. కాయను భుజమున మోసికొనిపోయిన వాడు, ఆ పొడి యంటియున్నదేమో యను భయముచే, ఎవరును తన పేరెత్తకముందే తడవుకొని పట్టుబడెనని దీని భావము. ఈ చిన్న సామెతలో ఒక అపరాధపరిశోధన యంతయు ఇమిడి యున్నది. ప్రశ్నించువాడు కలడు; దొంగ కలడు; దొంగను పట్టియిచ్చిన చేష్టయు కలదు. అయితే విద్యార్థుల నొక మాట అడుగుచున్నాము. అచ్చట నున్నవారిలో దొంగ కాని వాడొకడు, తన భుజముపై నేమి పడినదో యని ఊరక తడవి చూచుకొన్న యెడల వాని గతి యేమి?

ఈ ప్రశ్న మాకు కారణము లేక పుట్టినది కాదు. గడచిన విద్యాసంవత్సరమున మా వసతిగృహములో ఒక విద్యార్థి జామెట్రీ పెట్టె కనబడకపోయెను. పెద్ద తరగతుల పిల్లలు కొందరు చిన్నవారిని వరుసగా నిలిపి ప్రశ్నించిరి. ఆరవ తరగతిలో క్రొత్తగా చేరిన యొక బాలుడు తల వంచుకొనెను. వానికి చెమట పట్టెను, మాట తడబడెను. “వీని ముఖమే చెప్పుచున్నది” అని పెద్ద పిల్లలు తీర్పు చేసిరి. ఇట్లు తీర్పు చేయుట యెక్కడ నేర్చితిరని మేము విచారింపగా, సెలవులలో ఒక బంధువు నింట పెద్దవారాడుచుండగా చూచిన వీడియో ఆటనుండి నేర్చితిమనిరి. ఆ బాలుని సంగతి తుదిని చెప్పెదము. ఆ యాటలో ముఖము లెట్లు చేయబడినవో, అవి మనకేమి నేర్పునో, ఏమి నేర్పజాలవో ముందుగా తెలిసికొందము.

ఆ యాట పేరు ఎల్. ఏ. నువార్. ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరమున టీమ్ బాండీ అను సంస్థ దానిని నిర్మింపగా, రాక్‌స్టార్ గేమ్స్ వారు 2011వ సంవత్సరము మే నెలలో విడుదల చేసిరి. 1947వ సంవత్సరము నాటి లాస్ ఏంజిలిస్ నగరము కథాస్థలము. రెండవ ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చి పోలీసు ఉద్యోగమున ప్రవేశించిన కోల్ ఫెల్ప్స్ కథానాయకుడు. ఏరన్ స్టాటన్ అను నటుడు ఆ పాత్రను ధరించెను. న్యూయార్కు నగరమందలి ట్రైబెకా చలనచిత్రోత్సవమున ప్రదర్శనకు ఎన్నుకొనబడిన మొదటి వీడియో ఆట యిదియే. ఇందు హత్యలును రక్తపాతమును కలవు గనుక అమెరికాలో 17, ఐరోపాలో 18 సంవత్సరములు నిండినవారికే తగినదని నిర్ణయింపబడినది. తల్లిదండ్రులు ఈ సంగతి గమనింపవలెను. మేము దీనిని బాలురకు వినోదముగా చూపుట లేదు. ఇందలి పనితనమును పాఠముగా గ్రహించుచున్నాము.

కంప్యూటరులోని ముఖ మనగా చిన్న చిన్న పలకలు వేలకొలది కూర్చి అల్లిన వల వంటిది. 1972లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ పార్క్ అను నాయన ఇట్టి వలతో కదలు ముఖమును చేసి చూపెను. ఆ వలలోని ముడులను చిత్రకారుడు కొంచెము కొంచెముగా జరిపినచో కనుబొమ్మ లేచును, పెదవి వంగును. ఇది మిక్కిలి ఓపికతో కూడిన పని. తరువాత నటుని ముఖముపై చుక్కలు అంటించి, అవి కదలు తీరును కెమేరాలతో పట్టి, ఆ కదలికను వలకు అప్పగించు పద్ధతి వచ్చెను. కాని చుక్క యున్న చోటి కదలిక మాత్రమే దొరకును. చుక్కకును చుక్కకును నడుమ ముడుతపడు చర్మమును చిత్రకారుడు ఊహించి పూరింపవలసినదే.

ఎల్. ఏ. నువార్ నిర్మాతలు వేరొక మార్గము త్రొక్కిరి. వారి అనుబంధ సంస్థయైన డెప్త్ అనాలిసిస్ వారు కనిపెట్టిన యా పద్ధతికి మోషన్‌స్కాన్ అని పేరు. దీనిని గ్రహించుటకు విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. మీ వ్రేలిని కండ్లయెదుట నిలిపి, ముందొక కంటితోను, పిదప రెండవ కంటితోను చూడుడు. వ్రేలు ప్రక్కకు జరిగినట్లు తోచును. వ్రేలు దగ్గరగా నున్నచో నెక్కువగాను, దూరముగా నున్నచో తక్కువగాను జరుగును. ఈ జరుగుబాటును కొలిచితిమేని, వస్తు వెంత దూరమున నున్నదో లెక్కకట్ట వచ్చును. మోషన్‌స్కాన్‌లో నటుని చుట్టు 32 కెమేరాలు జతలు జతలుగా నమర్చిరి. ఒక్కొక జత రెండు కండ్లవలె పనిచేయును. అవి సెకనుకు 30 పర్యాయములు వరకు చిత్రములు తీయగా, కంప్యూటరు ఆ చిత్రములనుండి ముక్కు ఎత్తు, చెక్కిలి పల్లము, పెదవి వంపు లెక్కించి, ప్రతి పర్యాయమును ముఖమునంతటిని క్రొత్తగా నిర్మించును. చుక్కలతో పని లేదు. నటుని కంటికొసన పుట్టిన ముడుత యాటలోని సాక్షి కంటికొసనను పుట్టును.

ఈ లాభమునకు వెలయు చెల్లింపవలసి వచ్చెను. నటుడు వెలుతురు నిండిన తెల్లని గదిలో కుర్చీపై కూర్చుండి, తల నంతగా కదలింపక పాత్రను అభినయింపవలెను. ముఖమును తలకట్టును ఉన్నవి యున్నట్లే పట్టుబడును గనుక, 1947 నాటి కేశాలంకారము ముందుగానే చేసికొని కూర్చుండవలెను. శరీరపు కదలికలను వేరుచోట వేరుగా పట్టి, పిదప తలను మొండెముపై నిలిపిరి. అందుచే ముఖము సజీవముగాను భుజములు కొయ్యబొమ్మకువలెను ఉన్నవని పలువు రాక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే. దుఃఖము వచ్చినప్పుడు మన కన్నులు మాత్రమే యేడ్వవు. భుజములును క్రుంగును, చేతులును వణకును.

ఈ పద్ధతి వలన నటుని బాధ్యతయు పెరిగెను. చిత్రకారుడు చేసిన ముఖములో తప్పున్నచో మరునాడు దిద్దుకొన వచ్చును. ఇచ్చట నటుడు కుర్చీలో కూర్చుండి చేసినదే తుది రూపము. సుమారు 400 మంది నటు లిందులో పాల్గొనిరి. రెండు మూడు ప్రశ్నలకు మాత్రమే జవాబు చెప్పు చిన్న సాక్షికైనను జీవమున్న ముఖము కావలసి వచ్చెను.

ఇక విచారణ జరుగు విధము చెప్పెదము. పరిశోధకుడు తన చేతి పుస్తకమునుండి ఒక ప్రశ్న నడుగును. సాక్షి జవాబు చెప్పి ఊరకుండును. ఆ ఊరకున్న సమయమున సాక్షి ముఖమును ఆటగాడు పరిశీలించి, నిజము, సందేహము, అబద్ధము అను మూడు మాటలలో నొకటి యెన్నుకొనవలెను. ఎన్నిక సరియైనచో నొక చిన్న సంగీతధ్వని వినబడును. తప్పైనచో వేరొక ధ్వని వినబడి, సాక్షి బిగిసికొనిపోవును. 2017లో ఆట తిరిగి వెలువడినపుడు ఆ మూడు మాటలను మంచి పోలీసు, చెడ్డ పోలీసు, నేరారోపణ అని మార్చిరి.

ఇందు నటునికి గొప్ప చిక్కొకటి కలదు. లోకమున అబద్ధమాడువాడు తన యబద్ధమును దాచుటకు ప్రయత్నించును. ఆటలోని నటుడు దాచుచున్నట్లును ఉండవలెను, ఆటగానికి తెలియునట్లును ఉండవలెను. పూర్తిగా దాచెనా, ఆట ఆడుటకు వీలులేదు. కావున కన్నులు ప్రక్కకు త్రిప్పుట, గుటక మ్రింగుట, పెదవి కరచుట మొదలగు గుర్తులను కొంచెము పెద్దవిగా చేసి చూపిరి. అవి రంగస్థలముపై అబద్ధమునకు గుర్తులు. చూచువానికి తెలియవలెనని నటులు చేసిన మేలవి. లోకములోని దొంగలు మన కట్టి మేలు చేయరు.

మన దేశపు నాట్యశాస్త్రమున అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పబడినది. సాత్త్వికమున స్వేదము, వేపథువు, వైవర్ణ్యము, స్వరభేదము మొదలగు నెనిమిది భావములు కలవు. స్వేద మనగా చెమట, వేపథు వనగా వణకు, వైవర్ణ్య మనగా ముఖమున రంగు మారుట, స్వరభేద మనగా గొంతు మారుట. వీనిలో నొక్కొకదానికి ఆ శాస్త్రము పెక్కు కారణములు చెప్పినది. చెమట కోపముచేతను పట్టును, భయముచేతను పట్టును, సిగ్గుచేతను పట్టును. గుర్తు ఒక్కటి, కారణములు పెక్కు. నటుడు కారణమునుండి గుర్తునకు దిగివచ్చును. అది అతనికి తెలిసిన దారి. చూచువాడు గుర్తునుండి కారణమున కెక్కిపోవలెను. ఆ దారి పెక్కు పాయలుగా చీలియుండును.

పాశ్చాత్య శాస్త్రజ్ఞులును ఈ విషయమును శోధించిరి. ఫ్రాన్సు దేశీయుడగు డుషెన్ 1862లో ముఖకండరములను విద్యుచ్ఛక్తితో కదలించి వాని పనిని వర్ణించెను. 1872లో డార్విన్ మనుష్యుల యొక్కయు జంతువుల యొక్కయు భావప్రకటనమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. 1978లో ఎక్మన్, ఫ్రీసెన్ అను నిద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు, ముఖములోని ప్రతి కదలికకును ఒక సంఖ్యనిచ్చి యొక పట్టికను ప్రకటించిరి. చలనచిత్రములలోను ఆటలలోను ముఖములు చేయువారికి ఈ పట్టిక యెంతయో యుపకరించినది. అయితే ఏ కండరము కదలినదో చెప్పుట వేరు. ఎందులకు కదలినదో చెప్పుట వేరు. 2006లో బాండ్, డిపాలో అను నిద్దరు పరిశోధకులు, అంతకుముందు జరిగిన పరీక్షల నెల్ల చేర్చి లెక్క చూచిరి. వానిలో తీర్పరులుగా నుండినవారు 24,000 మందికి పైబడిరి. ఎదుటివాని మాటను చేష్టను మాత్రమే చూచి నిజమో అబద్ధమో చెప్పుమనగా, నూటికి 54 పర్యాయములు మాత్రమే సరిగా చెప్పగలిగిరి. కాసు ఎగురవేసి బొమ్మయో బొరుసో చెప్పిన వానికి నూటికి 50 సరిపడును. మన గర్వమంతయు ఆ నాలుగింటి మీద నిలిచియున్నది!

ఇంకొక విశేషము. ఎల్. ఏ. నువార్ ఆటయే ముఖమును పూర్తిగా నమ్మలేదు. నిజము, సందేహము అను వానిని ముఖము చూచి యెన్నుకొన వచ్చును గాని, అబద్ధమని నిందించినచో సాక్షి వెంటనే ఋజువు చూపుమని నిలదీయును. అప్పుడు పరిశోధకుడు తాను సేకరించిన వస్తువునో పత్రమునో చూపవలెను. ముఖము బాగుగ లేదని చెప్పిన చాలదు. ఈ నియమము ఇతర పరిశోధనపుటాటలలోను కలదు. 2001లో జపాను దేశమున క్యాప్‌కామ్ వారు వెలువరించిన, తరువాత ఏస్ అటార్నీ అను పేర ప్రసిద్ధమైన, న్యాయవాది ఆటలో నటులే లేరు. చేతితో గీసిన కొలది బొమ్మలు మాత్రమే సాక్షుల ముఖములు. అచ్చటను సాక్షికి చెమట కారును. అయినను వాని మాటకు విరుద్ధమైన ఋజువును న్యాయస్థానమున చూపిననే గాని ఆట ముందునకు సాగదు. మా పెద్ద పిల్లలు ఆటలోని మొదటి సగము నేర్చి, రెండవ సగము మరచిరి.

ఇప్పుడు ఆ బాలుని సంగతి. మూడు దినములు వానితో నెవరును మాటలాడలేదు. భోజనమునకు వాని ప్రక్కన కూర్చుండలేదు. నాల్గవ దినమున పెట్టె గలవాని తండ్రి ఆ పెట్టెను చేతబట్టుకొని వచ్చెను. పిల్లవాడు ఆదివారము ఇంటికి వచ్చి, లెక్కలు చేసికొని, దాని నచ్చటనే మరచెనట. మేము ఆ బాలుని పిలిచి, “నీవు తీయనప్పుడు తల యేల వంచుకొంటివి?” అని యడిగితిమి. “పెద్దవారు అడుగునపుడు వారి ముఖము తేరి చూడరాదని మా అమ్మమ్మ చెప్పినదండి” అని వాడు బదులు చెప్పెను.

మాకు నోట మాట రాలేదు. ఆ మూడు దినములు మేమును వాని ముఖమునే చూచితిమి గాని, పెట్టె గలవానిని పిలిచి “కడపట దాని నెక్కడ వాడితివి?” అని యొక్క ప్రశ్నయైన వేయలేదు. ఒక యింట మర్యాదగా నేర్పబడినది, వేరొక చోట నేరమునకు గుర్తయ్యెను. పెద్ద పిల్లలు వసతిగృహమున అందరి యెదుటను ఆ బాలుని క్షమాపణ వేడిరి. మేమును వేడితిమి. అప్పుడును వాడు తల వంచుకొనియే యుండెను.

విద్యార్థులారా! ముఖమును పరిశీలించుట మానుడని మేము చెప్పుట లేదు. మిత్రుని ముఖము వాడినచో నేమైనదని యడుగుటకు అది మంచి సాధనము. ముఖము ప్రశ్నను పుట్టింపవచ్చును, తీర్పు చెప్పరాదు. ఆటలో సరియైన యెన్నికకు సంగీతము వినబడును. లోకమున అట్టి ధ్వని వినబడదు. మనము చేసిన తప్పు తీర్పు తప్పని మనకెవరును వెంటనే తెలుపరు. గుమ్మడికాయల దొంగ సంగతి మరల తలచుకొనుడు. వాని భుజముపై పొడి యున్నదా యని చూడవలెను. చేయి తడవినదని పట్టుకొనరాదు.