నెమరువేసే పశువులు: మేత నాణ్యత, పోషక పూరకాలు

మన దేశ వ్యవసాయంలో పశువు కేవలం పాడికీ, దుక్కికీ ఉపకరించే ప్రాణి మాత్రమే కాదు. చిన్న కమతాల రైతుకు అది నిత్యాదాయం, ఆపద్ధనం కూడా. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం భారతదేశంలో ఆవుజాతి పశువులు 19 కోట్ల 25 లక్షలు, గేదెజాతి పశువులు దాదాపు 11 కోట్లు, మేకలు సుమారు 14 కోట్ల 89 లక్షలు, గొర్రెలు 7 కోట్ల 43 లక్షలు ఉన్నాయి. 1998 నుంచి పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలో ప్రథమ స్థానంలో ఉంది. అయినా ఒక్కొక్క పశువు ఇచ్చే పాల సగటును చూచినప్పుడు మనం పాడిపరిశ్రమలో ముందంజ వేసిన దేశాల కంటే చాలా వెనుకబడి ఉన్నాము.

ఈ వెనుకబాటుకు జాతి లక్షణాలు కొంతవరకు కారణం కావచ్చు. కాని మేలుజాతి పశువును తెచ్చి కట్టివేసినంత మాత్రాన పాలు పెరగవు. జాతి ఇచ్చేది సామర్థ్యం మాత్రమే. ఆ సామర్థ్యాన్ని పాలుగా మార్చేది మేత. మన దేశంలో సాగుభూమిలో పశుగ్రాసాలకు దక్కుతున్న భాగం సుమారు 4 శాతం. దశాబ్దాలుగా ఈ నిష్పత్తిలో చెప్పుకోదగిన మార్పు లేదు. అందువల్ల వరిగడ్డి, గోధుమ పొట్టు, జొన్నచొప్ప వంటి పంట అవశేషాలే మన పశువులకు ముఖ్యాహారం. వీటిని ఎట్లా ఉపయోగించుకోవాలన్నదే మన పశుపోషణలోని ప్రధాన సమస్య.

నెమరు వెనుక నడిచే కార్యక్రమం

మనిషి జీర్ణించుకోలేని గడ్డిని ఆవు, గేదె, మేక, గొర్రె ఎట్లా జీర్ణించుకోగలుగుతున్నాయి? వాటి జీర్ణాశయం నాలుగు గదులుగా ఉంటుంది. మొదటిదీ, అన్నింటికంటె పెద్దదీ రూమెన్. ఎదిగిన పశువులో ఇది వంద లీటర్లకు పైబడిన ద్రవం పట్టే తొట్టి వంటిది. గాలి చొరని ఈ తొట్టిలో కోట్లాది బాక్టీరియాలు, ప్రోటోజోవాలు, శిలీంధ్రాలు నివసిస్తాయి. గడ్డిలోని సెల్యులోజును విడగొట్టే శక్తి పశువుకు లేదు. ఈ సూక్ష్మజీవులకు ఉన్నది. అవి పీచును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను తయారుచేస్తాయి. పశువుకు కావలసిన శక్తిలో అధికభాగం ఈ ఆమ్లాల నుంచే లభిస్తుంది. ఆ పైన సూక్ష్మజీవులు తామే ముందుకు కదలి తరువాతి గదులలో జీర్ణమై పశువుకు మేలైన మాంసకృత్తులుగా ఉపయోగపడతాయి.

కాబట్టి మనం మేత వేస్తున్నది నిజానికి ఇద్దరికి: ముందుగా రూమెన్‌లోని సూక్ష్మజీవులకు, వాటి ద్వారా పశువుకు. ఈ సూత్రం అర్థమైతే పశుపోషణలోని తక్కిన విషయాలన్నీ తేలికగా బోధపడతాయి. సూక్ష్మజీవులు వృద్ధి పొందడానికి నత్రజని కావాలి. మేతలోని ఎండు పదార్థంలో ముడి మాంసకృత్తులు సుమారు 7 శాతం కంటె తగ్గినప్పుడు వాటి సంఖ్య క్షీణిస్తుంది. పీచు జీర్ణం కావడం ఆలస్యమవుతుంది. పొట్ట ఖాళీ కాదు గనుక పశువు మేత తినడం తగ్గిస్తుంది. ఎదుట గడ్డివామి ఉన్నా పశువు చిక్కిపోవడానికి ఇదే కారణం.

మేత నాణ్యత అంటే ఏమిటి?

మొక్క కణంలో రెండు భాగాలున్నాయి. లోపలి రసంలోని చక్కెరలు, మాంసకృత్తులు దాదాపు పూర్తిగా జీర్ణమవుతాయి. వెలుపలి గోడలో సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్ ఉంటాయి. మొక్క ముదిరేకొద్దీ లిగ్నిన్ పెరిగి, మిగిలిన పీచును సూక్ష్మజీవులకు అందకుండా కప్పివేస్తుంది. 1960 దశకంలో అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ వాన్ సోస్ట్ ఈ కణగోడ పదార్థాలను వేరుచేసి కొలిచే పద్ధతిని రూపొందించాడు. నేడు ప్రపంచమంతటా మేతల విశ్లేషణకు అదే ఆధారం.

రైతు కంటికి ఈ నాణ్యత కొన్ని గుర్తుల ద్వారా తెలుస్తుంది. ఆకు ఎక్కువ, కాడ తక్కువ ఉన్న మేత మంచిది. పూతకు వచ్చే దశలో కోసిన మేత గింజ పట్టాక కోసిన మేత కంటె శ్రేష్ఠం. పచ్చజొన్నను సగం మొక్కలు పూతకు వచ్చిన సమయంలో కోయడం ఉత్తమం. ఎండలో అతిగా ఆరి ఆకు రాలిన చొప్ప, వానకు తడిసి బూజుపట్టిన గడ్డి బరువుకు మాత్రమే మేత.

నాణ్యత విలువ మన గ్రామీణులకు తెలియనిది కాదు. హైదరాబాదు మేత విపణిలో జొన్నచొప్పపై పరిశోధకులు జరిపిన పరిశీలనలో ఒక ఆసక్తికరమైన విషయం వెల్లడైంది. జీర్ణయోగ్యతలో కొద్దిపాటి హెచ్చు ఉన్న చొప్పకే వర్తకులు, కొనుగోలుదారులు చెప్పుకోదగినంత ఎక్కువ ధర ఇస్తున్నారు. ప్రయోగశాల చెప్పేదానిని వారు రంగు, కాడ మెత్తదనం, రుచి చూచి గ్రహిస్తున్నారన్నమాట. పొట్టి వంగడాలు గింజ దిగుబడిని పెంచినా చొప్పను తగ్గించినప్పుడు అనేకమంది జొన్నరైతులు వాటిని ఆదరించకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. వారి లెక్కలో కంకి సగం, చొప్ప సగం.

ఒక చిన్న లెక్క

దాదాపు 400 కిలోల బరువున్న గేదెను తీసుకుందాం. దానికి రోజుకు సుమారు 10 కిలోల ఎండు పదార్థం కావాలి. అదంతా వరిగడ్డే అనుకుంటే, అందులో మాంసకృత్తులు ఉదారంగా లెక్కించినా 4 శాతమే. అంటే 400 గ్రాములు. రూమెన్ సక్రమంగా పనిచేయడానికి కనీసం 7 శాతం, అంటే 700 గ్రాములు అవసరం. లోటు 300 గ్రాములు.

ఈ లోటును మూడు విధాల పూడ్చవచ్చు. మొదటిది, 40 శాతం మాంసకృత్తులున్న వేరుశనగ చెక్క. వరిగడ్డిలో కొంత తగ్గించి ఆ స్థానంలో ఒక కిలోకు కొంచెం తక్కువ చెక్క పెడితే లెక్క సరిపోతుంది. రెండవది, అలసంద వంటి పప్పుజాతి పచ్చిమేత. ఎండు పదార్థంలో 16 శాతం మాంసకృత్తులు, పచ్చిమేతలో ఐదోవంతు ఎండు పదార్థం ఉన్నాయనుకుంటే, 12 లేక 13 కిలోల పచ్చిమేత ఆ పని చేస్తుంది. మూడవది యూరియా వంటి నత్రజని పదార్థం. యూరియాలో 46 శాతం నత్రజని ఉన్నందువల్ల, సూక్ష్మజీవుల దృష్టిలో 100 గ్రాముల యూరియా 287 గ్రాముల ముడి మాంసకృత్తులతో సమానం. అయితే ఇది కాగితంపై లెక్క. యూరియా ప్రమాదాన్ని గురించి ముందు చెప్పబోతున్నాము.

ఇది బ్రతకడానికి చాలే కనీస స్థాయి మాత్రమేనని మరువరాదు. పాలిచ్చే గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు సుమారు ఒక కిలో సమీకృత దాణా అదనంగా ఇవ్వాలని ఒక సాధారణ నియమం. పప్పుజాతి పచ్చిమేత సమృద్ధిగా ఉన్నచోట, 6 నుంచి 8 కిలోల మేతకు ఒక కిలో దాణా చొప్పున తగ్గించుకోవచ్చు. పాల ఉత్పత్తి వ్యయంలో మూడింట రెండు వంతులకు పైగా మేత, దాణాలకే అవుతున్నది గనుక ఈ మార్పిడి రైతుకు నికరమైన ఆదా.

పూరకాలు: దాణా, గడ్డిశుద్ధి, ఖనిజాలు

1964 అక్టోబరు 31న గుజరాత్‌లోని కంజరి వద్ద ఖేడా జిల్లా పాల సహకార సంఘం నెలకొల్పిన దాణా కర్మాగారాన్ని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రారంభించారు. ఆ పర్యటనలో ఆయన ఒక రాత్రి అజర్‌పురా గ్రామంలో రైతుల మధ్య గడిపారు. మరుసటి సంవత్సరం జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఆవిర్భవించింది. పాలసేకరణతోపాటు దాణా సరఫరా కూడా సహకార సంఘం బాధ్యతేనన్న భావన దేశమంతటా పాదుకొనడానికి ఈ పరిణామాలు దోహదం చేశాయి.

వరిగడ్డిని యూరియాతో శుద్ధిచేయడం మరొక మార్గం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా, లిగ్నిన్‌కూ పీచుకూ మధ్య ఉన్న బంధాలను సడలిస్తుంది. మాంసకృత్తుల విలువ దాదాపు రెట్టింపు అవుతుంది. పశువు మరింత ఇష్టంగా తింటుంది. 1980 దశకంలో ఈ పద్ధతిని దేశంలో విస్తృతంగా ప్రచారం చేశారు. కాని అనుకున్నంతగా వ్యాపించలేదు. నీరు, కూలి, కప్పడానికి పట్టాలు, ముందుగా పెట్టవలసిన సొమ్ము చిన్నరైతుకు భారమయ్యాయి. పచ్చిమేత దొరికే ప్రాంతంలో దాని అవసరమే కనిపించలేదు. శాస్త్రీయంగా సరైనదైన ప్రతి పద్ధతీ రైతు ఇంటి పరిస్థితికి సరిపడదనడానికి ఇదొక ఉదాహరణ. దీనికంటె యూరియా, బెల్లపుమడ్డి, ఖనిజాలు కలిపిన నాకుడు దిమ్మలను వాడటం సులభం. పశువు కొద్దికొద్దిగా నాకుతుంది గనుక యూరియా ఒక్కసారిగా లోపలికి పోదు.

ఖనిజ లవణాల కొరత కంటికి కనిపించని కొరత. గేదెపాలలో లీటరుకు సుమారు 1.8 గ్రాముల కాల్షియం ఉంటుంది. 8 లీటర్లిచ్చే గేదె రోజూ 14 గ్రాములకు పైగా పాలలోనే పోగొట్టుకుంటుంది. వరిగడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటబట్టనీయవు. భాస్వరం తక్కువైన పశువు ఎముకలు, గుడ్డపేలికలు నములుతుంది. ఎదకు రావడం ఆలస్యమవుతుంది. పచ్చిమేత ఎరుగని పశువుకు విటమిన్ ‘ఎ’ లోపించి దూడలు గుడ్డివిగా పుట్టే అవకాశం ఉంది. పాలిచ్చే పశువుకు రోజుకు సుమారు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వడం ఎంతో ఖర్చుతో కూడిన పని కాదు.

ప్రాంతానికొక మేత, ఒకటే సూత్రం

ఈ విశాల దేశంలో ప్రతి ప్రాంతమూ తన నేలకు, వానకు తగిన పూరకాన్ని ఏనాడో కనుగొన్నది. పంజాబు, హర్యానాలలో శీతకాలపు పచ్చిమేతగా బర్సీము వ్యాపించింది. ఇది 20వ శతాబ్ది తొలినాళ్ళలో ఈజిప్టు నుంచి వచ్చిన మొక్క. రాజస్థాన్ ఎడారి ప్రజలు ఖేజ్రీ చెట్టు కొమ్మలు నరికి, ఆకును ఎండబెట్టి, గొర్రెలకు, మేకలకు, ఒంటెలకు పెడతారు. ఈ ఖేజ్రీయే మన జమ్మి. రాజస్థాన్‌కూ, తెలంగాణకూ కూడా ఇదే రాష్ట్ర వృక్షం. హిమాలయ ప్రాంత స్త్రీలు సిందూర వృక్షాల ఆకును కోసి మోసుకువస్తారు. కేరళలో కొబ్బరి చెక్క, గుజరాత్‌లో పత్తిచెక్క ప్రసిద్ధం. కృష్ణా డెల్టా రైతులు వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లుతారు. మిగిలిన తేమతోనే అవి పెరిగి వేసవికి మేతనిస్తాయి. నేలకు నత్రజనిని కూడ చేర్చుతాయి.

ఇందుకు భిన్నమైన దృశ్యాలూ ఉన్నాయి. ఒకవైపు పంజాబు, హర్యానా పొలాలలో యంత్రాలతో కోసిన వరిగడ్డి కాలిపోతుంటే, మరొకవైపు కరవు ప్రాంతాలలో రైతులు గడ్డి లేక పశువులను అమ్ముకుంటున్నారు. దూరరవాణా వ్యయం, వరిగడ్డిలోని సిలికా, ఉత్తరాదివారికి గోధుమ పొట్టుపైనున్న మక్కువ ఇందుకు కారణాలు. కచ్ఛ్‌లోని బన్నీ పచ్చికబయలును సర్కారుతుమ్మ ఆక్రమించడం మరొక హెచ్చరిక.

కొన్ని జాగ్రత్తలు

పూరకం ఔషధం వంటిది. మోతాదు మించితే విషమవుతుంది. ఆరు నెలలలోపు దూడలకు, ఆకలితో ఉన్న పశువులకు యూరియా పెట్టరాదు. నీటిలో కలిపి త్రాగించడం ప్రాణాంతకం. గింజలు, అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే రూమెన్‌లో ఆమ్లం పెరిగి పశువు కూలిపోతుంది. పెళ్ళి విందుల తరువాత పారవేసిన అన్నం తిని పశువులు చనిపోవడం దీనివల్లనే. లేతజొన్నలో, బెట్టకు గురైన జొన్న పిలకలలో ‘నాము’ అనే హైడ్రోసైనిక్ విషం ఉంటుంది. బూజుపట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్లు చేరతాయి. అవి పాలలోకి కూడా వస్తాయి. తడి బర్సీమును ఆకలిమీద మేపితే పొట్ట ఉబ్బుతుంది. సుబాబుల్ ఆకును మొత్తం మేతలో మూడోవంతుకు మించనీయరాదు. ఏ కొత్త మేతనైనా వారం, పది రోజులలో క్రమంగా అలవాటు చేయాలి. సూక్ష్మజీవులకు ఆ వ్యవధి అవసరం.

పాలివ్వని పశువు మాట

మన గ్రామాలలో ఒక ఆచారం ఉంది. పాలిచ్చినంతకాలం పశువుకు తవుడు, చెక్క, కుడితి లభిస్తాయి. వట్టిపోయిన మరునాడే దాణా ఆగిపోతుంది. పెయ్యదూడకైతే మొదటి నుంచీ వరిగడ్డే గతి. రైతు దృష్టిలో ఇది పొదుపు. కాని గర్భస్థ దూడ ఎదుగుదలలో అధికభాగం చూడి చివరి మూడు నెలలలోనే జరుగుతుంది. తల్లి తరువాతి ఈతకు కావలసిన నిల్వను కూడబెట్టుకునేదీ అప్పుడే. సరిగా పోషిస్తే మూడు, మూడున్నర సంవత్సరాలకు ఈనగలిగిన గేదెపడ్డ, గడ్డి మీదనే పెరిగినప్పుడు నాలుగేళ్ళు దాటినా ఈనదు. ఆ అదనపు కాలమంతా అది తిన్న గడ్డి, దానికి చేసిన చాకిరీ వ్యర్థమే. ఈ చాకిరీలో అధికభాగం ఇంటి స్త్రీలది. ఆలస్యానికి ఎవరూ బిల్లు పంపరు గనుక ఈ నష్టం ఏ పద్దులోనూ కనిపించదు. పడ్డకు రోజుకు ఒక కిలో దాణా, గుప్పెడు ఖనిజ మిశ్రమం, కొంత పచ్చిమేత ఇవ్వడానికి వెనుదీసే కుటుంబం, ఒక పూర్తి సంవత్సరపు పాలను వదులుకుంటున్నది.

2012 నుంచి 2019 వరకు నడచిన జాతీయ పాడి ప్రణాళిక మొదటి దశలో గ్రామస్థులకే శిక్షణ ఇచ్చి, వారిచేత ఇంటింటా పశువుల మేతను లెక్కకట్టించి సమతుల్యం చేయించే కార్యక్రమం చేపట్టారు. స్థానికంగా దొరికే వస్తువులతోనే మేతను సరిదిద్దవచ్చునన్నది దాని సారాంశం. ఝాన్సీలో 1962లో స్థాపితమైన పశుగ్రాస పరిశోధన సంస్థ, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ, బెంగుళూరులోని పశుపోషణ పరిశోధన సంస్థ ఇందుకు తగిన విజ్ఞానాన్ని సమకూర్చుతున్నాయి.

ఈ విజ్ఞానాన్ని పశువుల కొట్టం దాకా చేర్చడంలో విద్యార్థుల పాత్ర తక్కువది కాదు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఇంటిలోని ఒక పశువు రోజంతా తినే మేతను తూచి, పైన చూపిన విధంగా లెక్క వేసి చూడవచ్చు. లోటు ఎంతో తేలిన తరువాత పూరకం ఎక్కడున్నదని వెదకవలసి ఉంటుంది. అది తరచుగా దూరపు దుకాణంలో కాక పొలం గట్టున, వరికోసిన చేలో, గానుగ వద్దనే కనిపిస్తుంది.