రాత్రి డెస్కు పెట్టిన బరువు

విజయవాడలో ఒక దినపత్రిక రాత్రి డెస్కులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. చేరిన రోజు 58 కిలోలు, రిటైరైన రోజు 91. మా అన్నయ్య మనవడు ఈమధ్యే డెస్కులో చేరాడు. వాడి కోసం ఈ నాలుగు ముక్కలు.

1. అర్ధరాత్రి ఆకలిని నమ్మకు. సిటీ ఎడిషన్ వదిలేసి ఒంటిగంటన్నరకి పునుగుల బండి దగ్గర చేరేవాళ్లం. ఎనిమిదింటికి అన్నం తిన్న మనిషినే! అయినా ఒక ప్లేటు చాలేది కాదు. అల్లం చట్నీ గిన్నె గీకేవాణ్ణి. నాది జిహ్వచాపల్యం అనుకుని ఏళ్ల తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను. 2004లో షికాగో విశ్వవిద్యాలయంవాళ్లు 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పదేసి గంటలు పడుకోనిచ్చినప్పటికన్నా, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తక్కువ, ఆకలి రేపే గ్రెలిన్ 28 శాతం ఎక్కువ ఉన్నాయట. ఆ వార్తకి శీర్షిక పెట్టింది నేనే. పెట్టి, పునుగులకి వెళ్లాను.

2. పగటి నిద్ర రాత్రి నిద్రకి సాటి రాదు. చీకటి పడితే ఊరే నిద్ర హార్మోన్ మెలటోనిన్‌ని డెస్కు మీది ట్యూబులైట్లు అణిచేస్తాయి. ఇంటికొచ్చి పడుకుంటే సూర్యుడు లేపుతాడు, ఆయన వదిలేస్తే పక్కింటి కుక్కర్ లేపుతుంది. కిటికీ అద్దాలకి మా ఆవిడ పాత పేపర్లు అంటించింది, మా పేపరే. రాత్రి తిన్నదానికి ఇన్సులిన్ కూడా పగటంత చురుగ్గా పనిచేయదు.

3. ఈ పాఠం మా ఆవిడ రాయాల్సింది. మధ్యాహ్నం రెండున్నరకి నిద్ర లేపి, మా అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం అడిగాడు. విసిరికొట్టాను. లెక్కల్లో వాడికి 96 వచ్చాయి.

4. వెలుతురూ మందే. మా అమ్మాయి సియాటిల్‌లో ఉంటుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగుంపావు దాటగానే పొద్దు గూకుతుంది. రెండో చలికాలానికి ఊరికే ఏడవడం, రొట్టెలూ చాక్లెట్లూ తెగ తినడం. డాక్టరు 10,000 లక్సుల దీపం ముందు రోజూ పొద్దున్నే అరగంట కూర్చోమన్నారు. నెల తిరక్కుండానే గొంతు మారింది. మన డాబా మీద అంతకు మించిన వెలుతురు పొద్దున్నే ఊరికే పడి ఉంటుంది. దీపం ఖరీదు విన్నాక నేనూ కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కడం మొదలుపెట్టాను.

5. బరువు పెరిగితే ముందు థైరాయిడ్, షుగర్ చూపించుకో. తరవాత నిద్ర గంటలు లెక్కపెట్టు. రిటైరయ్యాక పదింటికే పడుకుంటున్నాను, ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గాను. అందులో నిద్ర వాటా ఎంతో, బండి దూరమైన వాటా ఎంతో చెప్పలేను.

ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. మొన్న అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగితే ఉలిక్కిపడి లేచాను. వాడే, పొరపాటున నొక్కుకుందట. వెనక నూనె చిటపటలు వినిపిస్తున్నాయి.