వార్ధక్యంలో దేహపటుత్వం – మన దినచర్య

వార్ధక్యం శైశవ యౌవనాల వలెనే కాలక్రమాన సంప్రాప్తించే ఒక దేహావస్థ. అయినను ముసలితనం అను మాట వినబడగానే మంచం, మందుసీసా, చేతికర్ర, ఒకరిపై ఆధారపడి బ్రతుకుట – ఇవియే మన తలపునకు వస్తాయి. వెంట్రుకలు నెరయుట, చూపు మందగించుట, చర్మం ముడుతలు పడుట వయోధర్మములు. నేలపై కూర్చున్నవాడు లేవలేకపోవుట, నాలుగడుగులు వేయగానే ఆయాసపడుట మాత్రం చాలవరకు అలవాట్ల ఫలితములు. ఈ రెంటిని విడదీసి చూచినప్పుడే దేనిని సహించవలెనో, దేనిని నివారించవచ్చునో తెలుస్తుంది.

యువకులు చదివే కళాశాల సంచికలో ముసలితనపు ప్రసంగం ఎందుకని మా విద్యార్థులు నవ్వవచ్చును. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. నేడది సుమారు 70. 2011 జనాభా లెక్కలలోనే అరువది ఏళ్ళు దాటినవారు దాదాపు 10.4 కోట్ల మంది. ఇక ఓబులదేవరచెరువు, కదిరి ప్రాంతాల సంగతి మనకు తెలిసినదే. వానలు మొగము చాటువేసిన ఏట తల్లిదండ్రులు పనికై బెంగుళూరు పోతారు. ఇంట అవ్వాతాతలు, నానీ దాదాలు, వారి నీడన పెరిగే పిల్లలు మిగులుతారు. ఆ పిల్లలలో కొందరు మా తరగతి గదులలో ఉన్నారు. ముసలివాని మోకాలు బాగుండుటపై ఒక విద్యార్థి చదువు ఆధారపడి ఉండే ఇండ్లు మన మండలంలో ఉన్నవి. మరొక కారణం కూడా కలదు. ఎముకల దృఢత్వం ఇంచుమించు ముప్పది ఏళ్ళ లోపలనే సమకూరుతుంది. తరువాతి జీవితమంతా ఆ నిలువనుండి ఖర్చు పెట్టుటయే.

అలవాట్లకు అంత శక్తి కలదా? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి అలమీడా కౌంటీలో 1965లో లెస్టర్ బ్రెస్లో అను వైద్యుడు, ఆయన సహచరులు దాదాపు ఏడు వేల మంది వయోజనుల దినచర్యను నమోదు చేసి, వారి ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర, ఉదయాహారం మానకుండుట, నడుమ చిరుతిండ్లు లేకుండుట, శరీరపు బరువు అదుపులో ఉండుట, వ్యాయామం, పొగ త్రాగకుండుట, మద్యం లేకుండుట లేక మితముగా ఉండుట – వారు చూచిన ఏడు అలవాట్లు ఇవే. ఇందులో ఒక్కటైనా డబ్బుతో కొనవలసినది లేదు. నలుబది అయిదేళ్ళ పురుషులలో వీటిలో ఆరు గాని ఏడు గాని పాటించినవారికి, మూడింటికి మించి పాటించనివారి కంటె సుమారు 11 ఏళ్ళ ఆయుస్సు అధికముగా ఉన్నట్లు తేలినది. బ్రెస్లో స్వయముగా 97 ఏళ్ళు జీవించి 2012లో మరణించారు.

మన పెద్దలు ఈ లెక్కలేవీ ఎరుగరు. "పూర్వం తిండిలో సత్తువ ఉండేది, అందుకే ఎనుబదేళ్ళ వాడు కూడా మడక దున్నేవాడు" అని మన పల్లెలలో తరచుగా వింటుంటాము. ఈ మాటను మేము సగమే అంగీకరిస్తాము. ఆ ఎనుబదేళ్ళవాని తోడబుట్టినవారిలో ఎందరు శైశవంలోనే పోయినారో, ఎందరు మశూచికి, కలరాకు, కరవుకు బలియైనారో మనము లెక్కించుట లేదు. మనము చూచినది మిగిలినవారిని మాత్రమే. వారి దినచర్యలో నడక, వంగి లేచే పని, ముతక ధాన్యం ఉండినవంటే అవి పేదరికం విధించినవి గాని వారు కోరి ఎన్నుకొన్నవి కావు. నేడు ఆ నిర్బంధం తొలగినది, సంతోషమే. కాని నిర్బంధంతో పాటు అందులోని మేలు కూడా పోవుచున్నది. ఇకపై దానిని బుద్ధిపూర్వకముగా ఎన్నుకొని నిలుపుకొనవలసి ఉన్నది.

మొదట నడక సంగతి. కదిరి తేరుకు బండి కట్టుకొని గాని కాలినడకన గాని పోయిన తరం ఒకటి ఉండెను. నేడు వీధి చివరి అంగడికి కూడా మోటారు సైకిలు బయలుదేరుతున్నది. లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను జెరెమీ మారిస్ అను వైద్యుడు పోల్చి చూచి 1953లో తన ఫలితాలను ప్రకటించినాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే వీధి. దినమంతా కూర్చుండే డ్రైవర్లలో కంటె మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరం; అంటే అయిదు దినాలు, దినానికి అరగంట చురుకైన నడక. తోడివానితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం చాలును. మన ఎండలకు తెల్లవారుజామో, సాయంకాలమో మేలు. చెరువు కట్ట ఉన్న ఊరివారికి వేరే మైదానం వెదకవలసిన పని లేదు; మన మండలకేంద్రం పేరులోనే చెరువు కలదు.

నడక ఒక్కటే చాలదు. వయస్సుతో పాటు కండ క్షీణిస్తుంది. అరువది దాటిన తరువాత ఆ క్షీణత వేగం పుంజుకుంటుంది. ముసలివారిని మంచాన పడవేసేవానిలో ముఖ్యమైనది పడిపోవుట, తుంటి ఎముక విరుగుట. తొడకండలలో బలం, నిలుకడ ఉన్నవాడు తూలినను తమాయించుకుంటాడు. నేలపై పీట వేసికొని భోంచేయుట, చేతి ఊత లేక లేచుట, వాకిట వంగి కసవు ఊడ్చుట – ఇవన్నీ తెలియకుండానే ఆ కండలకు పని చెప్పేవి. నమాజులోని నిలుచుట, వంగుట, సాష్టాంగపడుట, తిరిగి లేచుట కూడా కీళ్ళకు ఆ మేలును చేకూర్చేవే. ఆరాధన ఉద్దేశం వేరైనను దేహానికి కలిగే లాభాన్ని కాదనలేము. మోకాళ్ళు అరిగినవారు మొండిపట్టుతో నేలపై కూర్చుండరాదు. అట్టివారు గట్టి కుర్చీలో కూర్చుండి, చేతులు ఆనించకుండ పదిమారులు లేచి కూర్చుండుట అభ్యసింపవచ్చును. "ఈ వయస్సులో ఇంకేమి బలం వస్తుంది?" అను నిరాశ తగదు. 1990లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో తొంబది ఏళ్ళ ప్రాయపు వృద్ధులు పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించగా, వారి కాళ్ళ బలం మొదటి దానికి రెండింతలను మించినది. పాల్గొన్నవారు కొద్దిమందే, అయినను తొంబదేళ్ళ కండ కూడా పని చెప్పినచో వింటుందని తెలియుటకు ఆ పదిమంది చాలును.

ఆహారం దగ్గర కొంచెం నిలిచి ఆలోచించవలెను. మన సీమలో సంగటి ఒకప్పుడు నిత్యాహారం. బోరుబావులు, వేరుశనగ పంట వచ్చిన తరువాత రాగి చేలు తగ్గినవి. 1983లో ఆరంభమైన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో వరి అన్నం ప్రతి ఇంటికీ చేరినది. పేదల ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని మేము నిందింపబోము. పండుగనాడు మాత్రమే వరి అన్నం ఎరిగిన అవ్వలకు అది ఎంత గౌరవమో ఆ తరంవారే చెప్పగలరు. కాని నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉండగా, పాలిషు పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములకు మించి లేదు. ఎముకలు పలుచబడే వయస్సులో ఈ భేదం చిన్నది కాదు. అయితే రాగి తిన్నవానికి చక్కెర జబ్బు రాదనుకొనుట భ్రమ. సంగటి ముద్ద కూడా పిండిపదార్థమే. ముద్ద పరిమాణం పెరిగినచో ఫలితం అన్నం వలెనే ఉంటుంది.

మా దృష్టిలో వృద్ధుల పళ్ళెంలో నేడు నిజముగా లోపిస్తున్నది మాంసకృత్తులు. పండ్లు ఊడినవని, అరుగదని, చారన్నంతో, టీ బన్నుతో దినం వెళ్ళదీయుట మనము చూస్తున్నాము. కండ నిలువవలెనన్నచో ఉలవలు, అలసందలు, పప్పు, గ్రుడ్డు, పెరుగు దినదినమూ ఉండవలెను. వేరుశనగలో నాలుగవ వంతు మాంసకృత్తులే. దానిని పండించి అమ్ముకొనే మనము మన ముసలివారికి ఊరుబిండిగానైనా మెత్తగా నూరి పెట్టుట మరువరాదు. ఆకుకూరలకు కొరత లేదు. తగ్గించవలసినది ఉప్పు. దినానికి అయిదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు లోపల ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడం లేనిదే ముద్ద దిగని మన నాలుకకు ఇది కష్టమే, అయినను రక్తపోటు ఉన్నవారికి తప్పదు.

ఆహారంతో పాటు నీటిని గూర్చి మనవంటి మెట్ట ప్రాంతపువారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. బోరునీటిలో ఫ్లోరైడు అధికమైనచో ఏళ్ళు గడిచేకొలది పండ్లపై చారలు, నడుము, మెడ బిగిసికొనుట, కీళ్ళనొప్పులు వస్తాయి. నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని పరిశోధకులు 1937లోనే వర్ణించారు. పూర్వపు అనంతపురం జిల్లాలోను అనేక గ్రామాలలో ఈ బాధ ఉన్నది. 1995–96లో సత్యసాయి తాగునీటి పథకం వందలాది గ్రామాలకు నీరందించుటకు గల కారణాలలో ఇది ఒకటి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు త్రాగుటకు తగదు. నీటిని మరిగించినందువలన అది పోదు, ఇంకను చిక్కబడుతుంది. కావున "వాతం" అని తైలం రుద్దుకొనుటకు ముందు ఆ ఇంటివారు త్రాగేది ఏ నీరో విచారించుట మంచిది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలలో నీటిని పరీక్షిస్తారు. మరొక మాట: వయస్సు మీరినవారికి దాహం సరిగా తెలియదు. వేసవిలో అడగకున్నను గంటగంటకు నీరో, మజ్జిగో ఇచ్చుట ఇంటివారి పని.

బీడీ, పొగాకు నమలుట గూర్చి చెప్పనవసరం లేదు. అంతకంటె చాటుగా కీడు చేసేది నొప్పిమాత్ర. మోకాలు నొప్పి అని అంగడిలో చీటీ లేకుండా కొని నెలల తరబడి మ్రింగినచో కడుపులో పుండ్లు పడవచ్చును, రక్తపోటు పెరుగవచ్చును, మూత్రపిండాలు చెడవచ్చును. మందులు వాడేవారి ఉపవాసం కూడా ఇట్టిదే. రంజాన్‌లో చక్కెర జబ్బు గల పెద్దలు మాత్రల వేళలను తమంతట తామే మార్చుకొనుట ప్రమాదకరం. వైద్యుని ముందుగా అడుగవలెను. ఉపవాసం ఉండలేని వృద్ధులకు, తీరని రోగం గలవారికి ధర్మశాస్త్రమే మినహాయింపునిచ్చి, ప్రతి దినానికి ఒక పేదవానికి అన్నం పెట్టుమన్నది. ఏకాదశి ఉండే మన హిందూ సోదరుల ఇండ్లలోని పెద్దలకు కూడా వైద్యుని సలహా అంతే అవసరం.

ఇక తోడు. పైన చెప్పిన అలమీడా ప్రజలనే తొమ్మిదేళ్ళు గమనించిన బెర్క్‌మన్, సైమ్ అను పరిశోధకులు 1979లో మరొక విషయం వెల్లడించారు. బంధుమిత్రుల రాకపోకలు లేని ఒంటరివారిలో మరణాలు, నలుగురితో కలిసి బ్రతికేవారి కంటె రెండింతలకు పైగా ఉన్నవి. మన రచ్చకట్ట, మసీదు అరుగు, గుడి మంటపం ఊరక కాలక్షేపపు తావులని తోసివేయదగినవి కావు. తోడుకు మించినది ఒక పని, తాను అక్కరకు వస్తున్నానను భావం. 2022లో, తొంబది మూడేళ్ళ వయస్సున, ఆచార్య చిలుకూరి శాంతమ్మ విశాఖపట్నం నుండి విజయనగరం దగ్గరి విశ్వవిద్యాలయానికి ప్రయాణం చేసి, చేతికర్రల ఊతతో నిలిచి భౌతికశాస్త్రం బోధించారు. మన ఇంటి అవ్వకు విశ్వవిద్యాలయం లేకపోవచ్చును. పిల్లవానికి లెక్క ఒప్పజెప్పించుట, కోళ్ళకు గింజలు చల్లుట, విత్తనం ఏరుట వంటి పనులైనా ఆమె చేతిలో ఉండనీయవలెను. "నీవు కూర్చోవే, మేము చూచుకొంటాము" అని ప్రేమతోనే ఆమె చేతిలోని చాటను లాగివేసే కోడలు మేలు చేయుట లేదు.

కళాశాల పాలకవర్గమువారికి ఒక మనవి. మా జాతీయ సేవా పథకం విద్యార్థులు ఏటేటా ఏదో ఒక పల్లెలో వారం దినాల శిబిరం సాగిస్తారు. రోడ్లు చదును చేయుటతో పాటు ఒక దినం ఇంటింటికీ పోయి, వైద్య సిబ్బంది పర్యవేక్షణలో అరువది దాటిన వారందరి రక్తపోటు చూచి వ్రాసికొనుటకు, త్రాగునీటి నమూనాలు సేకరించి పరీక్షకు పంపుటకు అనుమతింపవలెను. రక్తపోటు ఏ బాధా తెలియనీయక పెరుగుతుంది గనుక చూడనిదే తెలియదు. ఇందుకు కావలసినది ఒక యంత్రం, నీళ్ళకు కొన్ని శుభ్రమైన సీసాలు, ఒక నోటుపుస్తకం. ఉర్దూ మాత్రమే వచ్చిన దాదీమాలతో మాట్లాడుటకు, తెలుగు మాత్రమే వచ్చిన అవ్వలతో మాట్లాడుటకు రెండు భాషలూ తెలిసిన పిల్లలు మన దగ్గరనే ఉన్నారు.