కోటి పదకొండు లక్షల హారం

గౌతమి గట్టున ఉన్న మా కపిలేశ్వరపురంలో నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఆ అనుభవంలో చేతికి తగిలినవి కొన్ని రాసిపెడుతున్నాను.

1. పెద్ద సంఖ్యను చూసి జడవద్దు. దింపు రోజున కొబ్బరికాయల రాశి చూస్తే ఎప్పటికి లెక్క తేలుతుందా అనిపిస్తుంది. వరసలు పేరిస్తే ఇట్టే లొంగుతుంది. వెయ్యిన్నొక్క కాయను ఏడేసి పేర్చండి, పదకొండేసి పేర్చండి, పదమూడేసి పేర్చండి, ఒక్కటీ మిగలదు. 1009 కాయలైతే ఎన్నేసి పేర్చినా చివర మిగులు తప్పదు. తేడా ఎనిమిది కాయలే. సంఖ్య ఎంత పెద్దదో తర్వాత చూడొచ్చు, ముందు దాని కారణాంకాలు చూడాలి.

2. పలక మీద 152207 వేసి 73తో గుణించండి. మూడుతో 456621, డెబ్బైతో 10654490. కూడితే 11111111. కోటి పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు! తొమ్మిదో శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో ఇలాంటి లబ్ధాలను మెడలో వేసుకునే హారాలన్నాడు. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దిలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. మన సాహిత్యం తొలి రోజుల్లోనే లెక్కల పుస్తకం పద్యమై వచ్చిందని ఎంతమంది పిల్లలకు చెబుతున్నాం? నాకు ఇప్పటికీ ఇది బాధే.

3. హారం బాగుందని ఊరుకోకండి, దారం ఎక్కడుందో వెతకండి. ఎనిమిది ఒకట్లను నాలుగూ నాలుగుగా విడదీస్తే 1111ను 10001తో గుణించినట్టే. 1111 అంటే 11 × 101. 10001 అంటే 73 × 137. డెబ్బైమూడును పక్కన పెట్టి మిగతా మూడింటినీ గుణిస్తే ఆ 152207 వస్తుంది. ఇదంతా ఒకమ్మాయికి అరుగు మీద సుద్దముక్కతో చూపించాను. చాలాసేపు 10001 వంకే చూసి, "అయితే ఆరు ఒకట్లలో వెయ్యిన్నొకటి ఉండాలి కదండీ మాస్టారూ" అంది. ఉంది, 111 × 1001. నేను చెప్పకుండా తనే పట్టుకుంది. అంత ఆనందం నాకు మళ్లీ ఏ లెక్కా ఇవ్వలేదు.

4. తొందరపడి తేల్చేయొద్దు. ఏడు ప్రధాన సంఖ్య కాబట్టి ఏడు ఒకట్ల సంఖ్య కూడా ప్రధాన సంఖ్యేనని ఒకసారి క్లాసులో చెప్పేశాను. ఆ రాత్రి అనుమానం వచ్చి, కాగితం ముందేసుకుని భాగించుకుంటూ పోతే 239 దగ్గర తెగింది. 239 × 4649. మర్నాడు బోర్డు మీద నా తప్పు నేనే దిద్దాను. పంతొమ్మిది ఒకట్ల సంఖ్య మాత్రం నిజంగానే ప్రధాన సంఖ్య.

5. ఎక్కాలు నోటికి రానివ్వండి.

6. ఇంట్లో ఒకటి చేసి చూడండి. 27994681ని 441తో గుణించండి, ఇదీ మహావీరాచార్యుడి లెక్కే. 12345654321 వస్తుంది. ఆరు ఒకట్ల వర్గమూ అదే. 441 ఇరవై ఒకటికి వర్గం కదా, మరి ఆ 27994681కి వర్గమూలం ఎంతో మీ పిల్లల చేత కట్టించండి.