బావిలో వేలాడే మనిషి



ఒక మనిషిని మదపుటేనుగు తరిమింది. పరుగెత్తి పరుగెత్తి పాడుబడ్డ బావిలో పడ్డాడు. ఒక తీగ చేతికి చిక్కింది. కింద నోరు తెరచిన పాము. పైన ఆ తీగను నల్ల ఎలుక, తెల్ల ఎలుక కొరుకుతున్నాయి. ఇంతలో తేనెపట్టు నుండి ఒక చుక్క నోట్లో రాలింది. అన్నీ మరచి ఆ తీపికోసం నాలుక చాచాడు.

మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి ఇటువంటి కథే చెబుతాడు. జైనులు దీన్ని మధుబిందు కథ అంటారు. మన పటాన్‌చెరు ఒకప్పుడు జైన కేంద్రమే. ఈ కథ పడమటి దేశాలకు చేరి, బర్లాము, యోసఫాతుల చరిత్రలో క్రైస్తవ కథగా మారింది. ఇటలీలోని పర్మా నగరంలో 1196లో మొదలైన జ్ఞానస్నాన మందిరం ద్వారంపై అంతెలామి అనే శిల్పి దీన్ని చెక్కాడు. అక్కడ మనిషి చెట్టుపై ఉంటాడు, కింద ఘటసర్పం నిప్పులు కక్కుతుంది. పాము మృత్యువు, ఎలుకలు పగలు, రాత్రి, తేనె లోక సుఖం. బిడ్డకు కొత్త జీవం ఇచ్చే చోటనే మరణాన్ని గుర్తుచేశారు.

తేనె కోసం పామును మరచినవాడు ఆ మనిషి. మనలో కొందరు ఇందుకు భిన్నం. తేనెచుక్క వారి కంటికి ఆనదు, రాత్రింబగళ్ళు ఎలుకలనే లెక్కపెడతారు. ఈ భయానికి కారణం లేకపోలేదు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు పాడైన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. ఇటువంటి చోట దగ్గు వచ్చినా గుండె ఝల్లుమంటుంది.

అయితే భయం రెండు రకాలు. ఒకటి మనచేత పని చేయిస్తుంది: నీరు పరీక్ష చేయిస్తుంది, ఫ్యాక్టరీలో రక్షణ అడిగిస్తుంది, డాక్టరు దగ్గరికి పంపుతుంది. రెండవది, డాక్టరు ఏమీ లేదన్నా నమ్మదు. మరో స్కానింగు, మరో ఆసుపత్రి, అర్ధరాత్రి నాడి చూసుకోవడం. పిల్లల ఫీజు పరీక్షలకే పోతుంది. ఇది కూడా ఒక జబ్బే. దీనికి చికిత్స ఉంది. మానసిక వైద్యుని కలవడం నామోషీ కాదు. వైద్యుడూ మందూ దేవుని వరాలేనని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం నేర్పుతుంది.

భయపడేవారిని విశ్వాసం లేనివారని నిందించకండి. గెత్సేమనిలో ప్రభువే మరణవేదనతో కలత చెందారు. శిష్యులు తోడుండాలని కోరారు.

బావిలోని మనిషికి చేయి అందించేవారు ఆ చిత్రంలో లేరు. మన విశ్వాస సంగ్రహం ఆ కొరత తీరుస్తుంది. క్రీస్తు మరణించి, మృతులలోనికి దిగి, తిరిగి లేచారని మనం ఒప్పుకుంటాం. మనం వేలాడే బావిలోకి ఆయన ముందే దిగారు.

ఆ చేయి మనకు అందే ఒక మార్గం వ్యాధిగ్రస్తుల అభ్యంగనం. "అవస్థ" అన్న పాత పేరు వినగానే ఆఖరి ఘడియ వచ్చిందని హడలిపోయేవారు ఇంకా ఉన్నారు. ఇది చనిపోయేవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. తీవ్రమైన జబ్బు మొదలైనప్పుడే గురువును పిలవండి.

ఇంటిల్లిపాదీ ఆలోచించండి:
1. మన ఇంట్లో భయాన్ని పైకి చెప్పుకోలేనివారు ఎవరు?
2. వారి మాట ఈ వారం ఎవరు కూర్చుని వింటారు?
3. దేవుడిచ్చిన ఏ తేనెచుక్కకు ఈ రాత్రి జపమాల ముందు కృతజ్ఞత చెబుదాం?