పరదేశమందలి సమాధులు

పాఠము: ఆది. 50:24-26, ద్వితీ. 34:5-6

యోసేపు ఐగుప్తులో మరణించుచు తన యెముకలను స్వదేశమునకు తీసికొనిపోవలెనని ప్రమాణము చేయించుకొనెను. రెండవ ప్రపంచ యుద్ధమందు బాంబు విమానములలో వెళ్లిన యౌవనులకు ఆ భాగ్యము లేకపోయెను. బ్రిటిషు బాంబరు దళములోనే 55,573 మంది చనిపోయిరి. అనేకులను కూలినచోటనే పాతిపెట్టిరి.

మన దక్షిణ, తూర్పు ప్రాంతముల శ్మశానములలో చెదరియున్న సైనికుల సమాధులను చెన్నై నందంబాక్కమునకు చేర్చిరి. 1952లో ఏర్పడిన ఆ తోటలో 850కి పైగా సమాధులు గలవు. అధికారికిని సిపాయికిని ఒకే విధమైన గుర్తు. ధనవంతునికి పెద్ద రాయి నిలుపుట మన వాడుక గదా!

దేహమే దొరకని వైమానికులు 20,000కి పైగా ఉన్నారు. వారి పేళ్లు ఇంగ్లాండులోని రన్నీమీడునందు రాతిపై చెక్కబడి, 1953లో ఆవిష్కరింపబడెను. మోషే సమాధి యెక్కడనో ఎవరికిని తెలియదు, పాతిపెట్టినవాడు దేవుడే.

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలనుండి పట్టాళమునకు పోయి తిరిగిరాని కుమారునికై, పిడికెడు మన్నైనను వేయనైతినని తల్లి యేడ్చునప్పుడు, యోసేపు సంగతికంటె ముందు మోషే సంగతి చదివి వినిపించుడి.